డీ7200 మోయలేకపోతున్నా, చిన్న మిర్రర్‌లెస్ (అద్దం లేని) కెమెరా ఏది తీసుకోవాలి?

కృష్ణలంక_క్లిక్

ఉన్న సామాను: నికాన్ డీ7200, ఏఎఫ్-ఎస్ 18-140, ఏఎఫ్-ఎస్ 55-300, 50 ఎఫ్/1.8డీ, ఎస్‌బీ-700 ఫ్లాష్. ఫోటోలతో పేచీ లేదు, బరువుతోనే. బ్యాగు తగిలించుకుని కొండవీడు ఎక్కే ఓపిక లేక ఫోను జేబులో వేసుకుని పోతున్నా.

తీసేవి: ఇంట్లో ఫంక్షన్లు, కళాక్షేత్రంలో కూచిపూడి ప్రోగ్రాములు, ఉండవల్లి గుహల్లాంటి చీకటి చోట్లు, చలికాలం ఉప్పలపాడు పక్షులు. వీడియో దాదాపు లేదు. పాతవి అమ్మితే వచ్చేది కూడా కలుపుకుని మొత్తం లక్ష. అంతకు మించితే ఇంట్లో పాస్ కాదు.

షాపుకెళ్తే "ఏం తీస్తారు" అని అడక్కుండానే పెట్టె తీసి కౌంటరు మీద పెడుతున్నారు. వాడేవాళ్లు చెప్పండి.

ఎఫ్‌మౌంట్_వదలను

ఇందులో ఆలోచించేదేముంది? నికాన్ జెడ్50 టూ బాడీ, పాత ఎఫ్ మౌంటు లెన్సుల్ని దానికి తగిలించే ఎఫ్‌టీజెడ్ అడాప్టర్. ఉన్న లెన్సులన్నీ పనిచేస్తాయి. పైసా దండగ లేదు.

అరండల్‌పేట_అద్దం

"అన్నీ పనిచేస్తాయి" అని తేల్చేయకండి మాస్టారూ. 50 ఎఫ్/1.8డీకి లోపల మోటారు ఉండదు. డీ7200 బాడీలో ఉన్న మోటారు ఒక చిన్న స్క్రూ ద్వారా ఆ లెన్సును తిప్పుతుంది. ఎఫ్‌టీజెడ్‌లో ఆ స్క్రూ లేదు, రెండో వెర్షన్‌లోనూ లేదు. కాబట్టి 50డీ తగిలిస్తే ఫోకస్ చేత్తో తిప్పుకోవాల్సిందే. లోపలే మోటారున్న ఏఎఫ్-ఎస్, ఏఎఫ్-పీ లెన్సులకు ఇబ్బంది లేదు.

అసలు సంగతి బరువు. కృష్ణలంక గారి బాధ అదేగా, లెక్క వేద్దాం. బాడీలన్నీ బ్యాటరీ, కార్డుతో కలిపి:

డీ7200 765 గ్రాములు, 18-140 పాతది 490. మొత్తం 1255.

జెడ్50 టూ 550, ఎఫ్‌టీజెడ్ టూ 125, అదే పాత 18-140. మొత్తం 1165.

అంటే ఇంత ఖర్చు పెట్టి దించుకునేది 90 గ్రాములు. పొడుగు కూడా తగ్గదు. ఎఫ్ మౌంటులో లెన్సుకీ సెన్సరుకీ మధ్య దూరం 46.5 మి.మీ., జెడ్ మౌంటులో 16. ఆ తేడా 30.5 మి.మీ.ను అడాప్టర్ ఖాళీ గొట్టంలా నింపుతుంది. అద్దం తీసేసి మిగిల్చిన చోటంతా మళ్లీ ముందుకొచ్చి కూర్చుంటుంది. పైగా బరువు ముందుకు లాగుతుంది.

అదే జెడ్ మౌంటుకు చేసిన డీఎక్స్ (చిన్న సెన్సరు బాడీల) 18-140 అయితే 315 గ్రాములే. బాడీతో 865. మడిచిపెట్టే 16-50 అయితే 135, మొత్తం 685. తేడా ఇక్కడ వస్తుంది. బరువు తగ్గించేది లెన్సు, బాడీ కాదు. ముందు లెన్సు తేల్చుకోండి, బాడీ దాని వెనకే వస్తుంది.

ఎఫ్‌మౌంట్_వదలను

50డీ చేత్తో తిప్పుకుంటే చచ్చిపోతారా? ఫోకస్ పీకింగ్ ఉందిగా, అంచులు ఎర్రగా మెరుస్తాయి, చూసి ఆపడమే.

అరండల్‌పేట_అద్దం

ఉండవల్లిలో రాతి విగ్రహానికైతే సరే. అన్నప్రాసనలో పిల్లాడు ఒకచోట ఉండడుగా.

ట్రైపాడ్_తాత

ఈ తరానికి ఏదీ ఆగదు. డీ7200కి 35 ఎఫ్/1.8 డీఎక్స్ తగిలించు నాయనా, 200 గ్రాములు. మిగతావి ఇంట్లో పెట్టి వెళ్లు. ఒక్క ఛార్జీకి కంపెనీ లెక్కే 1110 ఫోటోలు. వ్యూఫైండర్‌లో కనిపించేది నిజమైన వెలుతురు, టీవీ బొమ్మ కాదు. లక్ష మిగిలింది.

షట్టర్_శబ్దం

తాతగారూ, బ్యాటరీ సంగతి మాత్రం ఒప్పుకుంటాను. జెడ్50 టూకి వ్యూఫైండర్‌తో కంపెనీ లెక్క 230 దగ్గర. 1110 అలవాటైన చేతికి ఇది గట్టి దెబ్బే. కానీ ఆ లెక్క ఆపి ఆపి, మధ్యలో స్క్రీన్ చూసుకుంటూ, ఆన్ చేస్తూ ఆఫ్ చేస్తూ కొలిచేది. పక్షుల దగ్గర బర్స్ట్ (వరసగా గబగబా) కొడితే అదే ఛార్జీ మీద దానికి ఎన్నో రెట్లు వస్తాయి. ఫంక్షన్‌లో రోజంతా ఆన్‌లో పెట్టుకుని తిరిగితే ఆ 230 కూడా రావు.

మిర్రర్‌లెస్‌లో బ్యాటరీని తినేది షట్టర్ కాదు, వెలుగుతున్న స్క్రీన్. కాబట్టి:

బ్యాగులో పెట్టేముందు స్విచ్ ఆఫ్ చేయాలి. కంటి దగ్గరుండే సెన్సరుకు బ్యాగు గుడ్డ తగిలితే ఎవరో చూస్తున్నారనుకుని వ్యూఫైండర్ వెలుగుతూనే ఉంటుంది. "నిన్న ఫుల్ పెట్టా, ఇవాళ ఖాళీ" అనేవాళ్లలో సగం మంది సంగతి ఇదే.

ఎయిర్‌ప్లేన్ మోడ్ వేసేయండి. లేకపోతే బ్లూటూత్ ఫోన్ కోసం వెతుకుతూనే ఉంటుంది.

అదనంగా రెండు బ్యాటరీలు బడ్జెట్‌లోనే కలుపుకోండి. డూప్లికేట్లు కొంటే నెలకోసారి తీసి బల్ల మీద పెట్టి చూడండి, గిర్రున తిరిగిందంటే ఉబ్బినట్టే. ఉబ్బినదాన్ని లోపలికి తోస్తే బయటికి రాదు.

ఫిల్మ్_రంగులు

నికాన్, నికాన్ అనే బదులు ఫ్యూజీ చూడొచ్చుగా. ఎక్స్-టీ30 టూ బాడీ 378 గ్రాములు, పైన 27 ఎఫ్/2.8 పెడితే 84. మొత్తం కలిపినా మీ పాత 18-140 లెన్సు ఒక్కదానికన్నా తక్కువ! రంగులు నేరుగా జేపెగ్‌లోనే వస్తాయి, కంప్యూటర్ ముందు కూర్చోనక్కర్లేదు. క్లాసిక్ క్రోమ్ అనే రంగుల సెట్టింగులో కొండపల్లి ఖిల్లా రాళ్లు తీసి చూడండి.

ఉప్పలపాడు_కొంగ

రాళ్లు ఎగరవు కాబట్టి బాగానే వస్తాయి. ఆయన పక్షులన్నాడు కదా. 27తో ఉప్పలపాడు వెళ్తే చెరువు వస్తుంది, కొంగ రాదు.

ఫిల్మ్_రంగులు

ఎక్స్-ఎస్20 ఉంది. బాడీలోనే స్టెబిలైజేషన్ (చెయ్యి వణుకును సర్దేది), పక్షుల్ని గుర్తుపడుతుంది, పెద్ద బ్యాటరీ, 491 గ్రాములు. షట్టర్_శబ్దం గారి బాధ కూడా తీరుతుంది, దానికి 750 ఫోటోలు వస్తాయి.

కృష్ణలంక_క్లిక్

ఎక్స్-ఎస్20 బాడీకే లక్ష దాటుతోంది కదండీ. లెన్సు ఎక్కణ్ణుంచి తేను?

ఫిల్మ్_రంగులు

సెకండ్స్‌లో ఎక్స్-ఎస్10 చూడండి. అదే 26 మెగాపిక్సెల్, బాడీ స్టెబిలైజేషన్ ఉంది, 465 గ్రాములు. బ్యాటరీ మాత్రం పాత చిన్నది.

ఉప్పలపాడు_కొంగ

ఎక్స్-ఎస్10కి మనుషుల ముఖాలు, కళ్లే తెలుసు, పక్షులు తెలియవు. మళ్లీ మొదటికే.

పక్షుల గురించి వివరంగా రాస్తా. ఉప్పలపాడులో చెరువు మధ్య చెట్ల మీద గూళ్లు, మనం గట్టు మీద. ఎర్రకాళ్ల కొంగలు, గూడబాతులు గూళ్లలో కూర్చుని ఉంటే 250-300 చాలు. ఎగిరేవైతే 400 ఉంటే హాయి. మీకున్న దారులు ఇవి:

ఒకటి, జెడ్50 టూ, జెడ్ డీఎక్స్ 50-250. లెన్సు 405 గ్రాములు. 250 అంటే పాత 35 ఎం.ఎం. ఫిల్మ్ లెక్కలో 375కి సమానం. బాడీలో పక్షులకు వేరే మోడ్ ఉంది, తలను, కన్నును పట్టుకుంటుంది. మెకానికల్ షట్టర్‌తో సెకనుకు 11.

రెండు, కెనాన్ ఆర్10, ఆర్ఎఫ్ 100-400. బాడీ 429, లెన్సు 635. 1.6 రెట్లు కాబట్టి 640 దాకా పోతుంది. లెన్సు చివర్లో ఎఫ్/8, పొద్దున్నే పొగమంచులో ఐఎస్ఓ (సెన్సరు సున్నితత్వం) 3200 చూడాల్సి వస్తుంది. ఎండ ఎక్కాక భేషుగ్గా ఉంటుంది.

మూడు, ఓఎం సిస్టమ్ (పాత ఒలింపస్) ఓఎం-5, 75-300. బరువు అన్నిటికన్నా తక్కువ, లెన్సు 423 గ్రాములే, 600కి సమానం. కానీ దానికి పక్షుల్ని గుర్తుపట్టే తెలివి లేదు. కూర్చున్న పక్షికే.

సోనీ 70-350 నిజంగా మంచి లెన్సు, ధర వల్లే వదిలేస్తున్నా.

మీ 55-300 ఎఫ్‌టీజెడ్ మీద పనిచేస్తుంది కానీ ఆ లెన్సు మోటారే నిదానం. బాడీ ఎంత చురుకైనా అది తిరిగేలోపు కొంగ గూట్లో దిగేస్తుంది.

ఏ బాడీ అయినా రెండు జాగ్రత్తలు. ఎగిరేవాటికి మెకానికల్ షట్టరే వాడండి. ఈ ధరలో ఎలక్ట్రానిక్ షట్టర్ సెన్సరును పైనుంచి కిందికి మెల్లగా చదువుతుంది, ఆలోపు రెక్క జరిగిపోయి వంకరగా వస్తుంది. ఆర్10లో మరీ ఎక్కువ. జెడ్50 టూలో షట్టర్ నొక్కకముందు సెకను కూడా దాచుకునే సౌకర్యం ఉంది. అది ఎలక్ట్రానిక్ షట్టర్ మీద, జేపెగ్‌లోనే నడుస్తుంది. గూటి మీంచి లేచే క్షణానికి వాడొచ్చు, రెక్క వంకర పోయే ప్రమాదానికి సిద్ధపడి.

రెండోది, గూడబాతు తెలుపు. చెట్టు ముదురు పచ్చ. మీటర్ చెట్టును నమ్మితే పక్షి ఈకలు సున్నం కొట్టినట్టు పోతాయి. వ్యూఫైండర్‌లోనే హిస్టోగ్రామ్ (వెలుగునీడల గ్రాఫ్) పెట్టుకుని ఎక్స్‌పోజర్ మైనస్ 0.7 నుంచి మైనస్ 1 దాకా దించండి. తాతగారి నిజమైన వెలుతురులో ఇది తీసేముందు కనిపించదు.

ట్రైపాడ్_తాత

మీటర్ చూసి దించడం మాకు వచ్చు బాబూ. మిషన్ చూపించక్కర్లేదు.

బెంజిసర్కిల్_బొకే

ఎవరూ ఫుల్ ఫ్రేమ్ మాటెత్తరేం? కెనాన్ ఆర్8 461 గ్రాములే. డీ7200 కన్నా 300 గ్రాములు తక్కువ, సెన్సరేమో పెద్దది. ఉండవల్లి చీకట్లో ఇంకేం కావాలి?

అరండల్‌పేట_అద్దం

బాడీ చిన్నదే. 24-105 ఎఫ్/4 పెట్టండి, అది 700 గ్రాములు. మొత్తం 1161, మళ్లీ డీ7200 దగ్గరికే వచ్చాం. 24-50 చిన్నది 210 గ్రాములే కానీ చివర్లో ఎఫ్/6.3, ఫుల్ ఫ్రేమ్ కొన్న లాభం అక్కడే కారిపోతుంది. పైగా బడ్జెట్ బాడీకే మింగేస్తుంది. పక్షులకు క్రాప్ మోడ్ (సెన్సరు మధ్య భాగమే వాడేది) వేస్తే 24 మెగాపిక్సెల్ కాస్తా 9కి దిగుతుంది.

బెంజిసర్కిల్_బొకే

చిన్న ప్రైములు (జూమ్ లేని లెన్సులు) వాడుకోవచ్చుగా, 28 ఎఫ్/2.8 120 గ్రాములే.

ఉప్పలపాడు_కొంగ

మళ్లీ 28తో కొంగలు.

తెరవెనక_ఫోటో

కూచిపూడి సంగతి ఎవరూ ముట్టుకోలేదు, అక్కడే ఎక్కువ మంది బోర్లా పడేది.

కళాక్షేత్రం లాంటి హాల్లో మిర్రర్‌లెస్ పట్టుకోగానే సైలెంట్ మోడ్ వేసేస్తారు. ఇంటికొచ్చి చూస్తే ఫోటో నిండా అడ్డంగా నల్లచారలు. మన కరెంటు 50 హెర్ట్జ్, ట్యూబులైనా మామూలు ఎల్ఈడీలైనా సెకనుకు 100 సార్లు మిణుకుతాయి. ఎలక్ట్రానిక్ షట్టర్ వరస వరసగా చదివే లోపు లైటు వెలిగి ఆరుతుంది, ఆ ఆరిన వరసలు చారలవుతాయి. ఇంటి లైట్లకు 1/50 లేదా 1/100 పెడితే పోతాయి. స్టేజీ ఎల్ఈడీలు ఈ లెక్కకు లొంగవు, వాటిని తగ్గించడానికి లోపల వేరే వేగంతో ఆర్పి వెలిగిస్తారు. కాబట్టి స్టేజీ దగ్గర మెకానికల్ షట్టరే. అద్దం లేదు కాబట్టి డీ7200 టపటపలో సగం కూడా మోగదు, మృదంగం ముందు ఎవరికీ వినపడదు. యాంటీ-ఫ్లికర్ ఆన్ చేస్తే లైటు గట్టిగా ఉన్న క్షణం చూసి తీస్తుంది, కానీ బర్స్ట్ వేగం కొంత తగ్గుతుంది.

షట్టర్ ఎంత? జతులకు 1/320 తక్కువైతే చేతివేళ్లు చెదిరిపోతాయి. తరంగంలో పళ్లెం అంచు మీద నిలిచినప్పుడు 1/160 చాలు. అభినయానికి 1/125. ఎఫ్/5.6 జూమ్‌తో 1/320 అంటే ఐఎస్ఓ 12800 దాకా పోతుంది. ఎఫ్/2.8 అయితే అదే 3200. మీ 18-140 అక్కడ తేలిపోయేది అందుకే, బాడీ మార్చినంత మాత్రాన మారదు.

అందుకే నా ఓటు సిగ్మా 18-50 ఎఫ్/2.8కి. 290 గ్రాముల దగ్గర. సోనీకి, ఫ్యూజీకి, 2024 నుంచి కెనాన్ ఆర్ఎఫ్‌కి కూడా ఉంది. నికాన్ జెడ్‌కి లేదు. కెనాన్ ఆర్10, ఈ లెన్సు కలిపి 730 గ్రాములు. స్టేజీ, ఫంక్షన్లు, గుహలు మూడూ తీరిపోతాయి.

ఎఫ్‌మౌంట్_వదలను

నికాన్ కూడా 2025 చివర్లో జెడ్ డీఎక్స్ 16-50 ఎఫ్/2.8 వీఆర్ తెచ్చింది, వీఆర్ అంటే లెన్సులోనే స్టెబిలైజేషన్. సిగ్మాలో స్టెబిలైజేషన్ లేదు, ఆర్10 బాడీలోనూ లేదు. గుహలో చెయ్యి వణికితే ఎఫ్/2.8 ఏం చేస్తుంది?

తెరవెనక_ఫోటో

నిలబడి ఉన్న అనంతశయనుడికైతే మీది—

పడుకుని ఉన్న, క్షమించాలి. అనంతశయనుడికైతే మీ వీఆర్ గెలుస్తుంది, 1/15 దాకా దించుకోవచ్చు. నాట్యానికి స్టెబిలైజేషన్ ఉన్నా లేనట్టే, కదిలేది చెయ్యి కాదు, మనిషి.

కృష్ణలంక_క్లిక్

డీ7200 24 మెగాపిక్సెల్, జెడ్50 టూ 20.9. కొత్తది కొని వెనక్కి పోవడమేంటి అనిపిస్తోంది. ఇంకోటి, ఎస్‌బీ-700 ఏం చేయాలి?

అరండల్‌పేట_అద్దం

6000 × 4000 కాస్తా 5568 × 3712 అవుతుంది, అంతే. 12 × 18 అంగుళాల ప్రింటుకు 300 డీపీఐ లెక్కన కావాల్సింది 5400 × 3600. ఆల్బమ్ మొత్తం దీనికి లోపే. దాని గురించి నిద్ర మానుకోకండి.

షట్టర్_శబ్దం

ఎస్‌బీ-700 జెడ్50 టూ మీద టీటీఎల్‌తో (ఫ్లాష్ వెలుతురును కెమెరాయే కొలిచి సర్దేది) సహా పనిచేస్తుంది. ఒక్కటి పోతుంది, ఫ్లాష్ ముందు ఫోకస్ కోసం వెలిగే ఎర్ర గీతల లైటు మిర్రర్‌లెస్‌తో వెలగదు. చీకటి ఫంక్షన్ హాల్లో బాడీ మీదుండే చిన్న లైటే దిక్కు. మొహాలకు ఎదురుగా ఏదో ఒక లైటు పడేలా నిలబెట్టి తీయండి.

వేరే కంపెనీకి మారితే ఎస్‌బీ-700లో టీటీఎల్ మర్చిపోవాలి. మాన్యువల్‌గా పేలుతుంది. అదీ మధ్య పిన్ ఉన్న షూ మీదే. కెనాన్ ఆర్50 షూలో పాత పిన్నులు తీసేశారు, కెనాన్ వాళ్ల సొంత పాత ఫ్లాషులకే ఏడీ-ఈ1 అనే అడాప్టర్ కావాలి.

ఫ్లాష్ మాన్యువల్‌లో పెట్టి 1/160, ఎఫ్/8 కొట్టగానే వ్యూఫైండర్ నల్లగా అయిపోతుంది, కెమెరా పోయిందని కంగారు పడొద్దు. మీరు పెట్టిన ఎక్స్‌పోజర్‌ను ముందే చూపిస్తోంది, ఫ్లాష్ వెలుతురు దానికి తెలియదు. మెనూలో సెట్టింగుల ప్రభావం చూపించేదాన్ని ఆపేయండి. సోనీ, కెనాన్, ఫ్యూజీలలోనూ వేరే పేర్లతో ఇదే ఉంటుంది.

గుంటూరు_ఘాటు

అందరూ గ్రాముల మీదున్నారు. మన ఊళ్ల ఎండ, దుమ్ము, తేమ కూడా చూడండి.

మిర్రర్‌లెస్‌లో లెన్సు తీయగానే సెన్సరు ఎదురుగా నోరు తెరుచుకుని ఉంటుంది. డీఎస్ఎల్ఆర్‌లో ముందు అద్దం, దాని వెనక షట్టర్ ఉండేవి. లెన్సు మార్చాలంటే స్విచ్ ఆఫ్ చేసి, బాడీ నోరు కిందికి పెట్టి, రెండో లెన్సు మూత ముందే వదులు చేసుకుని చకచకా మార్చేయాలి. మిర్చి యార్డులో అయితే అసలు మార్చొద్దు. మిర్చి టిక్కీలు (బస్తాలు) దించే చోట గాల్లోనే ఎర్రపొడి తేలుతుంది. అక్కడికి 18-140 లాంటి ఒకే లెన్సు తగిలించుకుని వెళ్లాలి. బయటికొచ్చాక ముందు బ్లోయర్, తర్వాత బ్రష్, ఆ తర్వాతే గుడ్డ. నోటితో ఊదితే తుంపర అంటుకుని మరక అవుతుంది. ఇంకోటి, వ్యూఫైండర్ రబ్బరును తడిగుడ్డతో తుడవకుండా కంటికి ఆనించకండి. యార్డులో తిరిగిన చేత్తో పట్టుకున్న రబ్బరు అది, కన్ను మండితే ఆ పూటకు ఫోటోలు లేవు.

ఎండ: బాడీల పుస్తకాల్లో రాసుండేది 40 డిగ్రీల దాకానే. రోహిణి కార్తెలో ఆ 40 మనకు పొద్దున పదింటికే. స్కూటర్ సీటు కింద డిక్కీలో మాత్రం పెట్టొద్దు, కింద ఇంజను, పైన ఎండ. నీడలో, గుడ్డ సంచిలో ఉంటే ఫోటోలకు ఏం కాదు, 4కె వీడియోకే ఆగిపోయే బాధ.

తేమ: వానాకాలం ఏసీ కారులోంచి కృష్ణ ఒడ్డున దిగగానే లెన్సు మీద ఆవిరి. బ్యాగు జిప్ తీయకుండా అరగంట బయట ఉంచి అప్పుడు తీయండి. ఇంట్లో బీరువా వద్దు. గాలి చొరని ప్లాస్టిక్ డబ్బా, సిలికా జెల్, లోపల చిన్న హైగ్రోమీటర్. 40 నుంచి 50 శాతం మధ్య ఉంచితే ఫంగస్ రాదు. మరీ 30కి దించితే రబ్బర్లు బిగుసుకుపోతాయి.

సెకండ్‌హ్యాండ్_శాస్త్రి

అమ్మకం సంగతి నేను చెప్తా. డీ7200 షట్టర్ 1,50,000కి పరీక్షించింది. మీది ఎంత నడిచిందో మెనూలో కనపడదు. కొత్తగా ఒక ఫోటో తీసి, ఆ ఫైలును ఎక్సిఫ్‌టూల్ అనే ప్రోగ్రాములో తెరిస్తే షట్టర్ కౌంట్ అనే చోట ఉంటుంది. దాని స్క్రీన్‌షాట్ ముందే పెడితే బేరం సగం తగ్గుతుంది. 50డీని బాడీతో కలిపి ఇచ్చేయండి, మోటారున్న బాడీతోనే దాని విలువ. 55-300 విడిగా అమ్మండి.

సెకండ్స్‌లో మిర్రర్‌లెస్ కొంటుంటే ఇవి చూడండి: లెన్సును ఎఫ్/16కి దించి తెల్లగోడను ఫోకస్ లేకుండా తీసి, పెద్దది చేసి చూడాలి. నల్లచుక్కలు దుమ్ము, ఊడిపోతాయి. పచ్చ, గులాబీ గీతలు నిలువుగానో అడ్డంగానో ఉన్నాయంటే లేజరు కాల్చింది, సెన్సరు మార్చాల్సిందే. ఊరేగింపుల్లో, పెళ్లి బరాత్‌ల్లో డీజే లేజరు నేరుగా లెన్సులోకి పడితే ఒక్క క్షణం చాలు. మిర్రర్‌లెస్‌లో సెన్సరు ఎప్పుడూ తెరిచే ఉంటుంది, అడ్డం వచ్చే అద్దం లేదు. పెళ్లిళ్లకు తిప్పిన బాడీ అంటే ఇది చూడకుండా డబ్బులివ్వకండి. షట్టర్ కౌంట్ తక్కువని మురిసిపోవద్దు, ఎలక్ట్రానిక్ షట్టర్‌తో తీసినవి చాలా బాడీలు అందులో కలపవు. తిరిగే స్క్రీన్‌ను అటూ ఇటూ తిప్పుతూ చూడండి, ఏదో ఒక కోణంలో ఆరిపోతే లోపల రిబ్బన్ నలిగినట్టే.

కృష్ణలంక_క్లిక్

బరాత్ లేజర్ల సంగతి ఇప్పుడే వింటున్నా. మరి కొత్తది షాపులో చూసేటప్పుడు?

సెకండ్‌హ్యాండ్_శాస్త్రి

పెట్టె మీద, బాడీ అడుగున, బిల్లు మీద సీరియల్ నంబరు ఒకటే ఉండాలి. జీఎస్టీ బిల్లు, ఇండియా వారంటీ కార్డు. "బిల్లు లేకుండా అయితే ఇంతకిస్తా" అన్నారంటే బయటి దేశం సరుకు, సర్వీసు సెంటర్ వాడు ముట్టుకోడు.

షట్టర్_శబ్దం

మీ కార్డు తీసుకెళ్లండి, తీసినవి ఇంట్లో చూసుకోవచ్చు. కళ్లజోడు ఉంటే పెట్టుకునే చూడండి, వ్యూఫైండర్ నాలుగు మూలలూ కనపడుతున్నాయా లేదా. చిటికెన వేలు బాడీ కిందికి జారిపోతోందా? సోనీ ఏ6400లో చాలామందికి జారుతుంది, జెడ్50 టూ గ్రిప్పు లోతుగా ఉంటుంది. షాపులో చీకటి మూలన ఉన్న ట్రైపాడ్ల మీద ఫోకస్ పెట్టి ఎంత తడుముకుంటోందో చూడండి. నడిచొచ్చే మనిషి మీద ట్రాకింగ్ పెట్టి, లెక్కపెట్టుకోకుండా ఒక పది కొట్టండి.

తెరవెనక_ఫోటో

లెన్సు బిగించాక, ఎవరికీ చెప్పకుండా మెకానికల్‌లో ఒకటి, సైలెంట్‌లో ఒకటి. షాపు నిండా ఎల్ఈడీలే కాబట్టి చారలు అక్కడే కనపడతాయి.

కృష్ణలంక_క్లిక్

అందరివీ చదివాక రెండు మిగిలాయి. ఒకటి, జెడ్50 టూ, 16-50, 50-250 కిట్, పైన జెడ్ 40 ఎఫ్/2. ఎస్‌బీ-700 ఉంచుకుంటా, ఎఫ్‌టీజెడ్ కొనను. రెండోది, ఆర్10, సిగ్మా 18-50, పక్షుల లెన్సు తర్వాతెప్పుడైనా.

ఉప్పలపాడు_కొంగ

"తర్వాతెప్పుడైనా" అంటే ఈ చలికాలం పోయినట్టే. మొదటిది.

తెరవెనక_ఫోటో

పక్షులు చలికాలమే, ఫంక్షన్లూ ప్రోగ్రాములూ ఏడాది పొడుగునా. రెండోది. 40 ఎఫ్/2 మంచి లెన్సే, 170 గ్రాములు, కానీ స్టేజీకి మూడో వరస దాకానే. అయిదో వరసకు సిగ్మా 56 ఎఫ్/1.4 జెడ్ మౌంటులో కూడా దొరుకుతుంది, మొదటి దారే పడితే అది ఆలోచించండి.

అరండల్‌పేట_అద్దం

మొదటిదానికే నేను కూడా. జెడ్50 టూ, 40 ఎఫ్/2 కలిపి 720 గ్రాములు, ఫంక్షన్‌కి అదొక్కటే మెడలో. బాడీలో స్టెబిలైజేషన్ లేదు, ఆ 40లోనూ లేదు. మనుషుల్ని 1/125 కిందికి దించకండి. ఉండవల్లికి మాత్రం వీఆర్ ఉన్న 16-50 పట్టుకెళ్లండి.

ట్రైపాడ్_తాత

లేదా ట్రైపాడ్ పట్టుకెళ్లు.

బెంజిసర్కిల్_బొకే

ట్రైపాడ్ కేజీన్నర తాతా!

ట్రైపాడ్_తాత

నాది రెండున్నర.

కృష్ణలంక_క్లిక్

మొదటిదే ఖాయం చేస్తున్నా. 16-50కి బదులు కొత్త 18-140 తీసుకుని 50-250 మానేస్తే ఎలా ఉంటుందని ఒక ఆలోచన. యార్డుకీ పనికొస్తుంది. నా పాత 18-140కి 67 మి.మీ. పోలరైజర్ ఉంది, అది పడుతుందా?

ఉప్పలపాడు_కొంగ

140తో ఉప్పలపాడు అంటే 210కి సమానం. చెట్టు మొత్తం వస్తుంది, కొంగలు చుక్కలు. 50-250 మానేయొద్దు.

గుంటూరు_ఘాటు

కొత్త 18-140 ముందు వ్యాసం 62. 62 నుంచి 67కి స్టెప్-అప్ రింగు కొంటే మీ పోలరైజర్ పడుతుంది. రింగు ఉన్నప్పుడు హుడ్ ఎక్కదు. ఇత్తడిది అడగండి, అల్యూమినియంది ఎండలో బిగుసుకుంటే ఊడదీయడానికి తిప్పలు. 16-50 అయితే 46 మి.మీ., దానికి 67 రింగు వేస్తే లెన్సు కన్నా ఫిల్టరే పెద్దగా ఉంటుంది, చిన్నది విడిగా కొనుక్కోండి.